స్టెంట్ తర్వాత కొలెస్ట్రాల్ మందు: రిపోర్టులో "నార్మల్" అని వస్తే మోతాదు తగ్గించవచ్చా, పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలి?

తెనాలి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. మూడు నెలల క్రితం గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ వేశారు. ఆసుపత్రిలో చేర్చిన రోజే తీసిన రక్తంలో చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 142 ఉంది. అప్పటి నుంచి రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు 10 మి.గ్రా. క్రమం తప్పకుండా రాత్రిపూట వేసుకుంటున్నారు. గత వారం మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 156, మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 200, ఎల్‌డీఎల్ 78 వచ్చాయి. ఎల్‌డీఎల్ పక్కన "100 లోపు ఉంటే నార్మల్" అని అచ్చు వేసి ఉంది. లివర్ పరీక్ష అయిన ఎస్‌జీపీటీ మాత్రం 62 ఉంది. ఆ ల్యాబు గరిష్ఠ పరిమితి 40. ఈ మధ్య తొడలు లాగుతున్నాయని కూడా నాన్నగారు అంటున్నారు.

మా ఊళ్లో చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ వైద్యం చేసే పెద్దాయన ఈ రిపోర్టు చూసి, కొవ్వు నార్మల్‌కు వచ్చింది కాబట్టి, మందు లివర్ మీద పడుతోంది కాబట్టి, ఇకపై రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. అమ్మకు కూడా అదే సబబుగా తోస్తోంది. కార్డియాలజిస్టు గారి దగ్గరకు వెళ్లడానికి ఇంకా నెల ఉంది. అంతవరకు ఏం చేయాలో, అసలు ఈ మందు వేసుకునేవారికి ఏ పరీక్ష ఎన్నాళ్లకు అవసరమో తెలిసినవారు వివరించగలరు.

వరంగల్ ఫిజీషియన్

అమ్మా, ముందుగా ఒక్క మాట: కార్డియాలజిస్టుతో మాట్లాడకుండా ఏ మందూ తగ్గించవద్దు. నెల ఆగనక్కర లేదు, రిపోర్టు పట్టుకుని ఈ వారమే వెళ్లండి, లేదా ఆసుపత్రికి ఫోను చేసి చెప్పండి.

ల్యాబు కాగితం మీద అచ్చు వేసిన "100 లోపు" అనే హద్దు ఏ జబ్బూ లేని మనిషికి వర్తించేది. గుండెపోటు వచ్చినవారికి ఆ హద్దు వర్తించదు. భారత కార్డియాలజీ సంఘం 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు అత్యధిక ప్రమాదం ఉన్న వర్గంలోకి వస్తారు, వారి ఎల్‌డీఎల్ 55కి లోపు ఉండాలి. షుగరు, బీపీ వంటివి ఉండి ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు, ప్రమాదం తక్కువగా ఉన్నవారికి 100 లోపు. ఒకే 78 అనే అంకె ఒకరికి నిశ్చింత, మరొకరికి ఇంకా పూర్తికాని పని. రిపోర్టు అచ్చు వేసే యంత్రానికి మీ నాన్నగారి గుండెలో స్టెంట్ ఉందన్న సంగతి తెలియదు.

రెండో కొలమానం తగ్గుదల శాతం. మందు మొదలుపెట్టక ముందు ఉన్న అంకె దగ్గర లేకపోతే ఇది లెక్కకట్టలేము, అందుకే ఆసుపత్రిలో చేర్చిన రోజు రిపోర్టును మీరు దాచి ఉంచడం చాలా మేలు చేసింది. 142 నుంచి 78 అంటే 45 శాతం తగ్గింది. రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. నుంచి ఆశించదగిన తగ్గుదల సుమారుగా ఇంతే కాబట్టి, నాన్నగారు మందు శ్రద్ధగా వేసుకుంటున్నారని, అది పనిచేస్తోందని అర్థం. అయితే గుండెపోటు తర్వాత కనీసం 50 శాతం తగ్గాలి, 55 లోపుకు రావాలి. రెండూ ఇంకా నెరవేరలేదు. తగ్గించడం కాదు, పెంచడం గురించి మాట్లాడవలసిన రిపోర్టు ఇది.

ఇంకొక ముఖ్యమైన ప్రశ్న. మీరు చెబుతున్న మందు ఒక్క రోసువాస్టాటిన్ మాత్రమేనా, లేక ఇతర మందులతో కలిసిన క్యాప్స్యూలా? షీటు వెనక ఏం రాసి ఉందో పూర్తిగా చదివి ఇక్కడ రాయండి.

తెనాలి ఆడపడుచు

డాక్టరు గారూ, ఇప్పుడే అమ్మకు వీడియో కాల్ చేసి షీటు చూశాను. రోసువాస్టాటిన్ 10, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 అని మూడు పేర్లు ఉన్నాయి. ఇంట్లో అందరం దాన్ని కొలెస్ట్రాల్ బిళ్ల అనే పిలుస్తున్నాం.

రాజమండ్రి ఫార్మసిస్టు

డాక్టరు గారు సరిగ్గా అసలు ప్రమాదాన్నే పట్టుకున్నారు. ఇలాంటి మూడు మందుల క్యాప్స్యూళ్లు మన దగ్గర చాలా వాడకంలో ఉన్నాయి. ఒక్కటే వేసుకుంటే సరిపోతుంది కాబట్టి పెద్ద వయసు వారికి అవి సౌకర్యమే. కానీ కొలెస్ట్రాల్ మందు తగ్గిద్దామని ఆ క్యాప్స్యూల్‌ను రోజు విడిచి రోజు వేసుకుంటే, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడే రెండు మందులూ దానితోపాటు సగానికి పడిపోతాయి. స్టెంట్ వేసిన మొదటి సంవత్సరంలో, అందులోనూ తొలి నెలల్లో, ఆ రెండు మందులు ఆపడం వల్ల స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. కొలెస్ట్రాల్ మందు కొన్నాళ్లు తగ్గితే జరిగే నష్టం నెమ్మదిగా జరుగుతుంది, ఇది అలా కాదు. మీ ఊరి పెద్దాయన చెడు ఉద్దేశంతో చెప్పి ఉండరు, షీటు వెనక చూసి ఉండరు, అంతే. దయచేసి ఈ రాత్రి నుంచే క్యాప్స్యూల్ ఒక్క రోజు కూడా తప్పకుండా చూడండి.

నాన్నగారు వేసుకునే మిగతా మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి కార్డియాలజిస్టుకు చూపించండి. కడుపు మంటకు తాగే సిరప్పులలో అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లు ఉంటే, వాటిని రోసువాస్టాటిన్‌తోపాటే తాగినప్పుడు మందు ఒంటికి పట్టడం దాదాపు సగానికి తగ్గుతుంది. రోసువాస్టాటిన్ వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్పు తాగితే ఈ ఇబ్బంది ఉండదు.

స్టాటిన్లు అనే ఇదే కోవకు చెందిన అటోర్వాస్టాటిన్ లేదా సిమ్వాస్టాటిన్ వాడేవారు ఇంకొక విషయంలో జాగ్రత్త పడాలి. తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్, దగ్గు, గొంతు ఇన్ఫెక్షన్లకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ ఈ రెండు స్టాటిన్ల మోతాదును రక్తంలో బాగా పెంచి కండరాలను దెబ్బతీయవచ్చు. రోసువాస్టాటిన్‌కు ఈ ముప్పు తక్కువ. తామర మందు వారాల తరబడి వాడవలసి వస్తుంది, ఇచ్చేది చర్మ వైద్యులు, స్టాటిన్ రాసింది గుండె వైద్యులు. ఒకరి చీటీ మరొకరు చూడకపోతే ఈ చిక్కు ఎవరి కంటా పడదు. రక్తపరీక్షలతోపాటు, ప్రతి కొత్త చీటీకీ పాత మందుల జాబితాతో సరిచూసుకోవడం కూడా ఈ మందు పర్యవేక్షణలో భాగమేనని నా నమ్మకం.

బయోకెమిస్ట్రీ విభాగం, విశాఖ

రిపోర్టు గురించి ల్యాబు వైపు నుంచి కొన్ని వివరాలు. మీరు ఇచ్చిన అంకెలను బట్టి ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవలేదు, లెక్కకట్టారు. 1972 నుంచి వాడుకలో ఉన్న ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తే ఎల్‌డీఎల్ వస్తుంది. 156 నుంచి 38, మళ్లీ 40 తీసేస్తే సరిగ్గా 78. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. ట్రైగ్లిజరైడ్లు ఓ మోస్తరుగా ఎక్కువ ఉండి ఎల్‌డీఎల్ బాగా తక్కువకు దిగినప్పుడు కూడా అసలు కంటే తక్కువ చూపించే అవకాశం ఉంది. మందులు పెంచిన తర్వాత నాన్నగారి ఎల్‌డీఎల్ 55 దరిదాపులకు వచ్చినప్పుడు, దాన్ని నేరుగా కొలిచే పద్ధతిలో చేయించమని అడగడం మంచిది.

ఈ రిపోర్టులో నా దృష్టి ఎల్‌డీఎల్ కంటే నాన్-హెచ్‌డీఎల్ మీద నిలిచింది. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే అదే వస్తుంది, అదనపు ఖర్చు ఏమీ లేదు. నాన్నగారికి అది 118. దాని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యం కంటే 30 ఎక్కువ, అంటే 85 లోపు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండే మనవాళ్లలో ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే ముప్పు తక్కువగా కనిపిస్తుంది. నాన్-హెచ్‌డీఎల్ ఆ లోటు పూరిస్తుంది.

పరగడుపున ఇవ్వడం తప్పనిసరి కాదు. మామూలు పర్యవేక్షణకు తిన్న తర్వాత తీసిన రక్తమైనా సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికి మాత్రం పరగడుపు పరీక్ష అవసరమవుతుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. జ్వరంలోనూ, పెద్ద జబ్బు నుంచి ఇంకా కోలుకుంటున్నప్పుడూ చేయించవద్దు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ తాత్కాలికంగా తగ్గి మోసం చేస్తుంది. గుండెపోటు వచ్చినప్పుడు మొదటి 24 గంటలలోపు తీసిన రక్తాన్నే ప్రాతిపదికగా తీసుకునేది అందుకే.

లీడ్స్ నుంచి

నేను ఇంగ్లండులో ఉంటూ స్టాటిన్ వాడుతున్నాను కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు లిపిడ్ పరీక్ష చేసి, నాన్-హెచ్‌డీఎల్ 40 శాతానికి పైగా తగ్గిందో లేదో చూస్తారు. లివర్ పరీక్ష మందుకు ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, సంవత్సరానికి ఒకసారి చేస్తారు. ఆ తర్వాత ఏదైనా ఇబ్బంది కనిపిస్తే తప్ప మళ్లీ మళ్లీ చేయరు. ఆపై ఏడాదికోసారి మందుల సమీక్ష ఉంటుంది.

నాకు ఒక సందేహం. గుండె జబ్బు ఉన్నవారికి ఇక్కడ ఎల్‌డీఎల్ లక్ష్యం 2.0 మిల్లీమోల్ లోపు, అంటే మన లెక్కలో 77. ఆ ప్రకారం తెనాలి సోదరి నాన్నగారు దాదాపు గట్టెక్కినట్టే కదా? ఒక దేశంలో సరిపోయేది మరొక దేశంలో ఎందుకు సరిపోదు?

వరంగల్ ఫిజీషియన్

సహేతుకమైన ప్రశ్న. బ్రిటన్ లక్ష్యాన్ని నిర్ణయించినప్పుడు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ మీద పడే ఖర్చును, దానివల్ల కలిగే ప్రయోజనాన్ని తూచి ఆ హద్దు పెట్టారు. 77 దగ్గర లాభం ఆగిపోతుందని దాని అర్థం కాదు. 2019 ఐరోపా మార్గదర్శకాలు కూడా ఇలాంటి రోగులకు 55 లోపు, 50 శాతం తగ్గుదల అనే చెప్పాయి. వేలాదిమంది మీద జరిగిన స్టాటిన్ ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 తగ్గినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు అయిదో వంతుకు పైగా తగ్గుతున్నాయి. మన దేశంలో గుండెపోట్లు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే వస్తున్నాయి. మందులు కూడా అందుబాటు ధరల్లోనే దొరుకుతున్నప్పుడు, 78 దగ్గర ఆగడానికి నాకు కారణం కనిపించదు.

ఇక ఏం పెంచాలన్నది. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా వచ్చే తగ్గుదల మందుకు ముందున్న అంకెలో సుమారు 6 శాతమే. 10ని 20 చేస్తే నాన్నగారి ఎల్‌డీఎల్ 78 నుంచి సుమారు 70కి వస్తుంది. దానికి బదులు ఎజెటిమైబ్ అనే మరో రకం కొలెస్ట్రాల్ మందు 10 మి.గ్రా. జోడిస్తే ఉన్నదానిలో ఇంకో అయిదో వంతు తగ్గి 62 దగ్గరకు వస్తుంది. రెండూ చేస్తే 55 చుట్టుపక్కలకు చేరవచ్చు. ఇవి అంచనాలు మాత్రమే, ఒక్కొక్కరి ఒంటితీరు ఒక్కొక్క రకం. అందుకే మార్పు చేసిన 4 నుంచి 12 వారాల లోపు మళ్లీ పరీక్ష చేయాలి. లక్ష్యం చేరి నిలకడగా ఉన్న తర్వాత ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చాలు. నెలనెలా చేయించడం వల్ల డబ్బు ఖర్చు, మనసుకు కలత తప్ప ఒరిగేదేమీ లేదు.

కరీంనగర్ టీచరు

తొడల నొప్పి గురించి నా అనుభవం చెప్పాలి. నాకు షుగరు ఉండటం వల్ల అటోర్వాస్టాటిన్ రాశారు. కొన్ని వారాలకు రెండు తొడలూ బరువెక్కి, మెట్లెక్కడం కష్టమైంది. మందు వల్లనే అని అందరూ అన్నారు. మా డాక్టరమ్మ గారు మాత్రం వెంటనే ఆపేయకుండా కండరాల దెబ్బను చూపే సీపీకే, థైరాయిడ్‌ను చూపే టీఎస్‌హెచ్ పరీక్షలు రాశారు. సీపీకే కొద్దిగా పెరిగింది, టీఎస్‌హెచ్ మాత్రం చాలా ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుందని, కండరాల నొప్పులూ వస్తాయని, ఆ స్థితిలో స్టాటిన్ వాడితే నొప్పులు ఎక్కువవుతాయని అప్పుడు చెప్పారు. థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి, స్టాటిన్‌ను కొన్ని వారాలు ఆపి, తర్వాత తక్కువ మోతాదుతో మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు నొప్పులు లేవు. థైరాయిడ్ చూడకుండా మందు ఒక్కటే మానేసి ఉంటే నా జబ్బు బయటపడేదే కాదు.

వరంగల్ ఫిజీషియన్

టీచరు గారి డాక్టరమ్మ గారు అనుసరించిన క్రమమే సరైనది. స్టాటిన్ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు వైపులా, తొడలు, పిక్కలు, తుంటి వంటి పెద్ద కండరాల్లో, మందు మొదలుపెట్టిన లేదా పెంచిన తొలి వారాల్లో వస్తుంది. ఒక్క కాలికే వచ్చే నొప్పి, కీళ్ల నొప్పి వేరే కారణాలను సూచిస్తాయి. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గితే కాళ్ల రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూడాలి. అదే నిజమైతే స్టాటిన్ అవసరం ఇంకా పెరుగుతుంది.

నొప్పి లేనివారికి సీపీకే పరీక్ష మామూలుగా అక్కర లేదు. బరువైన వ్యాయామం చేసినా, కండరానికి ఇంజెక్షన్ వేయించుకున్నా అది పెరుగుతుంది. నొప్పులని చెప్పగానే సూది వేయించుకుని మర్నాడు సీపీకే చేయించుకునేవారిని నేను తరచుగా చూస్తుంటాను, ఆ అంకెను నమ్మలేము. నొప్పితోపాటు సీపీకే గరిష్ఠ పరిమితికి పది రెట్లు దాటితే స్టాటిన్ ఆపవలసిందే. కండరాల్లో బలం తగ్గి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే పరీక్షల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి. సెరివాస్టాటిన్ అనే మందును 2001లో ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నది ఈ కారణంగానే.

అదే సమయంలో, చాలా నొప్పులకు మందు కారణం కాదన్నది కూడా నిరూపితమైన సత్యం. 2020లో వెలువడిన శామ్‌సన్ అనే ప్రయోగంలో, గతంలో దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో కనిపించిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించింది. ఆ నొప్పి కల్పితమని నేను అనడం లేదు, వారు నిజంగానే బాధపడ్డారు. కారణం మందేనని తేల్చడానికి ముందు వెతకవలసినవి ఇంకా ఉన్నాయని మాత్రమే అంటున్నాను. మందే కారణమని తేలినవారికి కూడా మోతాదు తగ్గించడం, వేరే స్టాటిన్‌కు మారడం, రోజు విడిచి రోజు రోసువాస్టాటిన్ ఇచ్చి ఎజెటిమైబ్ జోడించడం వంటి దారులు ఉన్నాయి. ఆ పని విడి మాత్రలతో, డాక్టరు నిర్ణయంతో జరగాలి.

లివర్ సంగతి. ఎస్‌జీపీటీ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు, అంటే ఇక్కడ 120, దాటి మళ్లీ చేసినా అలాగే ఉంటేనే మందు గురించి పునరాలోచిస్తాము. స్టాటిన్ల వల్ల తీవ్రమైన లివర్ నష్టం అత్యంత అరుదని తేలడంతో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లోనే క్రమం తప్పని లివర్ పరీక్షల సిఫారసును తొలగించింది. కళ్లు పచ్చబడటం, ఆకలి పూర్తిగా చచ్చిపోవడం, కుడి పక్క డొక్కలో నొప్పి వంటివి ఉంటే అప్పుడు వెంటనే చూపించుకోవాలి. హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 200, ఎస్‌జీపీటీ 62 మూడూ కలిపి చూస్తే నాకు ఫ్యాటీ లివర్, దాని వెనక దాగిన షుగరు అనుమానం కలుగుతున్నాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవారు స్టాటిన్ వాడవచ్చు. గత మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించండి. స్టాటిన్లు షుగరును కొద్దిగా పెంచగలవు, ముఖ్యంగా అప్పటికే అంచున ఉన్నవారికి. గుండెపోటు వచ్చిన మనిషికి దానివల్ల జరిగే నష్టం కంటే స్టాటిన్ వల్ల కలిగే రక్షణ ఎన్నో రెట్లు ఎక్కువ.

తెనాలి ఆడపడుచు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఆసుపత్రికి ఫోను చేస్తే మర్నాడే రమ్మన్నారు. సీపీకే, టీఎస్‌హెచ్ రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. కాళ్లలో నాడి చూసి రక్తప్రసరణ బాగుందన్నారు. చాలా కాలం తర్వాత నడక మొదలుపెట్టడం వల్ల తొడలు లాగుతూ ఉండవచ్చని, నడక ఆపవద్దని చెప్పారు. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది, స్కానింగులో ఫ్యాటీ లివర్ కనిపించింది. రాత్రి అన్నం తగ్గించి, బరువు తగ్గమన్నారు. రోసువాస్టాటిన్ 20, ఎజెటిమైబ్ 10 కలిసిన మాత్ర ఒకటి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసినది ఒకటి విడివిడిగా రాశారు. ఎనిమిది వారాల తర్వాత లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ మాత్రమే చేయించమన్నారు. అమ్మకు షీటు వెనక పేర్లు చదివి వినిపించాక తనే ఇప్పుడు రోజూ దగ్గరుండి వేయిస్తోంది.

మా అన్నయ్యకు 36 ఏళ్లు. తనకు ఏమైనా పరీక్షలు అవసరమా?

బయోకెమిస్ట్రీ విభాగం, విశాఖ

తప్పకుండా లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. దానితోపాటు లైపోప్రోటీన్-ఎ అనే మరో రకం కొవ్వు పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించాలి. అది ప్రధానంగా వంశపారంపర్యంగా నిర్ణయమయ్యేది, ఆహారంతోనూ స్టాటిన్‌తోనూ తగ్గదు కాబట్టి పదేపదే కొలవనక్కర లేదు. డెసిలీటరుకు 50 మి.గ్రా. దాటితే ముప్పు ఎక్కువని లెక్క, అప్పుడు మిగతావన్నీ, ముఖ్యంగా ఎల్‌డీఎల్, మరింత గట్టిగా అదుపులో పెట్టుకోవాలి. నాన్నగారికి కూడా తర్వాతి పరీక్షతోపాటు ఇది ఒకసారి చేయిస్తే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

రాజమండ్రి ఫార్మసిస్టు

మంచి కబురు చెప్పారమ్మా. పాత మూడు మందుల క్యాప్స్యూళ్లు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని ఈ రోజే మందుల డబ్బాలోంచి తీసేయించండి. పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెట్టింపై కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. తెరవని షీట్లు ఉంటే బిల్లుతో సహా కొన్న షాపుకు తీసుకువెళ్లి అడగండి, చాలామంది తిరిగి తీసుకుంటారు. కొత్త చీటీ ఫోటో ఒకటి అమ్మగారి ఫోనులోనూ, ఒకటి మీ ఫోనులోనూ ఉంచండి. ఊళ్లో ఎవరి దగ్గరకు ఏ జ్వరానికి వెళ్లినా, మందు రాయించుకునే ముందు అది చూపించమని చెప్పండి.